ఎవరి కుంచంతో కొలిచారు?

ఒక రాకెట్ నింగికి లేచిన నలభై సెకన్లలోపే తునాతునకలైంది. తెలుగు అక్షరం కంప్యూటర్లోకి వెళ్లి 'మైనస్ 32' అయి కూర్చుంది. 2038లో ఒక మంగళవారం ఉదయం కొన్ని యంత్రాల గడియారాలు 1901లోకి జారిపోయే ప్రమాదం ఉంది. మూడు సంగతులకూ మూలం ఒక్కటే... కొలపాత్ర! అదెలాగో తెలియాలంటే ముందు అద్దంకి వెళ్లాలి.

గుండ్లకమ్మ ఒడ్డునున్న అద్దంకి పేరు చెప్పగానే తెలుగు చదువుకున్నవాళ్లకు శాసనం గుర్తొస్తుంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడిది ఆ శాసనం. క్రీ.శ. 848 నాటిది. అందులోని తరువోజ పద్యం మన సాహిత్య చరిత్రలో ఎంతో పేరున్నది. పద్యం గురించి అందరూ చెబుతారు. దాని వెనకే ఉన్న వచనాన్ని మాత్రం అంతగా పట్టించుకోరు. పండరంగడు ఆదిత్య భటారుడికి ఇచ్చిన భూమి ఎంతో అందులోనే ఉంది. ఎకరాల్లో కాదు, గజాల్లో కాదు... ఎనభై పుట్ల వడ్లు పట్టే నేల అని!

ఎనభై పుట్లంటే ఎంత? ఇరవై తూములైతే పుట్టి. నాలుగు కుంచాలైతే తూము. బాగానే ఉంది. మరి కుంచం ఎంత? చిక్కంతా అక్కడే. ఒక సీమ కుంచం ఇంకో సీమ కుంచంతో సరితూగేది కాదు. ఒకచోట అంచుకు సమంగా చదును చేసి కొలిచేవారు. మరోచోట గోపురంలా పోసి కొలిచేవారు. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఇంకో కుంచం తీసే ఆసాముల కథలు మన పల్లెల్లో ఎన్ని లేవు!

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ కల్లంలోంచి ఎవరైనా వచ్చి 'ఇన్ని కుంచాలు వచ్చాయమ్మా' అంటే చాలు, ఆమె నోటి నుంచి వెంటనే వచ్చే మాట ఒకటుండేది.

'ఎవరి కుంచంతో కొలిచార్రా అబ్బాయ్?'

చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. ఇంత పెద్దయ్యాక, ప్రోగ్రాములు రాసే స్నేహితులతో మాట్లాడుతుంటే తెలిసొచ్చింది. ప్రపంచంలోని పెద్దపెద్ద ఇంజినీర్లు యాభై ఏళ్లుగా తలలు పట్టుకుంటున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే!

తూములో 256 గిద్దలు

కంప్యూటర్‌కు అంకెలు గుర్తుండవు. దానికి తెలిసింది స్విచ్చు వేసి ఉందా, తీసి ఉందా అన్నదే. ఆ ఒక్క స్విచ్చే 'బిట్'. ఒక బిట్‌తో రెండు సంఖ్యలు చెప్పొచ్చు. రెండు బిట్లయితే నాలుగు, మూడయితే ఎనిమిది. ఇలా ఒక్కో బిట్ చేరేకొద్దీ రెట్టింపవుతూ పోతుంది. ఎనిమిది బిట్లను కలిపితే ఒక 'బైట్'. అందులో సున్నా నుంచి 255 దాకా... మొత్తం 256 సంఖ్యలు పడతాయి.

ఈ రెట్టింపు లెక్క మనకు కొత్తేం కాదు. పాత కొలతలు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే అడిగి చూడండి. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. ఎనిమిది మెట్లు... ప్రతి మెట్టూ రెట్టింపే! లెక్క వేస్తే తూముకు సరిగ్గా 256 గిద్దలు. బైట్‌లో పట్టే సంఖ్యలూ అన్నే!

గిద్ద, సోల, తూము అన్నట్లే ప్రోగ్రాములు రాసేవాళ్లకూ రకరకాల పాత్రలుంటాయి. 8 బిట్లది, 16 బిట్లది, 32 బిట్లది, 64 బిట్లది. 16 బిట్ల పాత్రలో 65,536 సంఖ్యలు పడతాయి. 32 బిట్లదయితే దాదాపు 429 కోట్లు. 64 బిట్లదయితే ఇక చెప్పనక్కర్లేదు, మనిషి జీవితంలో ఎదురయ్యే ఏ లెక్కయినా అందులో ఓ మూలకు సర్దుకుంటుంది.

మరి అప్పుంటే? అంటే మైనస్ సంఖ్యలుంటే? పాత్రలో సగం వాటికి కేటాయిస్తారు. అప్పుడు 16 బిట్ల పాత్రలో మైనస్ 32,768 నుంచి 32,767 దాకా పడతాయి. పాత్ర అదే, స్విచ్చులూ అవే. చూసేవాడు దాన్ని 'మైనస్ ఉన్న పాత్ర' అనుకుంటాడా, 'లేని పాత్ర' అనుకుంటాడా అన్నదాన్ని బట్టి విలువ మారిపోతుంది. చదును కుంచం, గోపురం కుంచం తేడా లాంటిదే!

పేరొక్కటే... కొలత వేరు

అసలు తంటా ఎక్కడ మొదలైందంటే... 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 'సి' అనే భాషను తయారు చేశాడు. ఇవాళ్టికీ కంప్యూటర్లు, ఫోన్లు, రౌటర్ల అట్టడుగున పనిచేసే ప్రోగ్రాముల్లో సింహభాగం ఆ భాషలోనివే. మనకు కనిపించే బొమ్మలూ బటన్ల వెనక, యంత్రంతో నేరుగా మాట్లాడే పొర అది. ఆ పొర తప్పటడుగు వేస్తే పైనున్న మేడంతా కదులుతుంది.

సి భాషలో మామూలు సంఖ్యను దాచుకునే పాత్ర పేరు 'ఇంట్'. అది ఎన్ని బిట్లన్నది మాత్రం భాష గట్టిగా చెప్పలేదు. ఏ యంత్రానికి ఏది సులువో అంత అని వదిలేసింది. రిచీ వాడిన పీడీపీ-11 యంత్రంలో ఇంట్ అంటే 16 బిట్లు. ఐబీఎం 370లో 32 బిట్లు. హనీవెల్ 6000లోనైతే 36 బిట్లు! అప్పట్లో అది తప్పేమీ కాదు. ఏ ఊరి వడ్లు ఆ ఊళ్లోనే కొలుచుకున్నంతకాలం ఎవరి కుంచం వారికి సరిపోతుంది కదా.

ఇప్పటికీ ఆ వారసత్వం పోలేదు. సిలోనే 'లాంగ్' అనే పెద్ద పాత్ర ఉంది. 64 బిట్ల యంత్రంలో లినక్స్ వేస్తే లాంగ్ అంటే 64 బిట్లు. అదే యంత్రంలో విండోస్ వేస్తే 32 బిట్లే! యంత్రమూ మారలేదు, భాషా మారలేదు. ఊరు మారింది... కుంచం మారింది.

పత్తి పండించే మన ప్రాంతంలో దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. 'బేలు' అన్న మాటే చూడండి. మన దేశంలో పత్తి బేలు అంటే 170 కిలోలు. అమెరికా లెక్కల్లో బేలు అంటే 480 పౌన్లు, అంటే దాదాపు 218 కిలోలు. 'లక్ష బేళ్లు' అని ఇక్కడివారు ఫోన్లో చెబితే, అక్కడివారు తమ లెక్కలో రాసుకుంటే? ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. తేడా మాత్రం దాదాపు 48 లక్షల కిలోలు! గుంటూరు యార్డుకు మిరపకాయలు టిక్కీల్లో వస్తాయి. ఎన్ని టిక్కీలొచ్చాయని చెప్పుకుంటారు. కానీ డబ్బులు లెక్కగట్టేది టిక్కీకి కాదు, కాటా వేశాక క్వింటాలుకు. బస్తా పేరును నమ్మి ఎవరూ బేరం కుదుర్చుకోరు.

ప్రోగ్రాములు మాత్రం చాలాకాలం పేరును నమ్మే బేరాలు చేశాయి.

అప్పగింతల దగ్గరే అసలు గొడవ

ఒక ఫోన్‌లోనో, బ్యాంకు కంప్యూటర్లోనో ఒకే భాష ఉండదు. అడుగున సి. దానిమీద ఇంకో భాష. పైన జావానో, పైథానో. వయసు పైబడిన బ్యాంకు సాఫ్ట్‌వేర్లో కోబాల్ కూడా ఉంటుంది. ఒక భాషలోని ప్రోగ్రాము ఇంకో భాషలోని ప్రోగ్రామును పిలిచి 'ఈ సంఖ్య తీసుకో' అని అప్పగిస్తుంది. అప్పగించేటప్పుడు చేతికిచ్చేది బిట్ల వరుసే. పాత్ర ఎంతదో దానిమీద రాసి ఉండదు. తీసుకునేవాడు తన కుంచం ప్రకారమే చదువుకుంటాడు.

సి వైపు ఇంట్ పరిమాణం యంత్రాన్ని బట్టి మారుతుంది. జావాలో ఇంట్ అంటే ఏ యంత్రంలోనైనా 32 బిట్లే. జావా 'లాంగ్' ఎక్కడైనా 64 బిట్లే. సి లాంగ్ మాత్రం విండోస్‌లో 32. పేరు ఒకటే కదా అని జావా లాంగ్‌ను సి లాంగ్‌లో పోస్తే లినక్స్‌లో చక్కగా పనిచేస్తుంది, విండోస్‌లో సగం ఒలికిపోతుంది. పైథాన్‌ది మరో దారి. అందులో సంఖ్యకు పరిమితే లేదు, పాత్ర దానంతటదే సాగుతుంది. ఆ సాగే సంచిలోంచి తీసి సి వారి ఇనుప కుంచంలో పోయాలంటే ఎక్కడో ఒకచోట కొలత చూసుకోక తప్పదు.

చూసుకోకపోతే ఏమవుతుంది? మూడు రకాల ప్రమాదాలు.

మొదటిది ఒలికిపోవడం. 70,000 అనే సంఖ్యను 16 బిట్ల పాత్రలో పోశారనుకోండి. పట్టేవి 65,536 సంఖ్యలే కాబట్టి మిగిలేది 4,464. ఖాతాలో 70 వేలుండాల్సినచోట నాలుగు వేల చిల్లర! పైగా చాలా భాషల్లో హెచ్చరిక కూడా రాదు, గుట్టుచప్పుడు కాకుండా జరిగిపోతుంది.

రెండోది గుర్తు మారిపోవడం. 40,000ను మైనస్ లేని 16 బిట్ల పాత్రలో పెట్టి పంపితే, అవతలివాడు మైనస్ ఉన్న పాత్రగా చదివాడనుకోండి. అతనికి కనిపించేది మైనస్ 25,536. జమ కాస్తా అప్పయిపోయింది.

మూడోది పక్కింట్లో చెయ్యి పెట్టడం. ఒకడు నాలుగు బైట్ల చోటిచ్చాడు. రెండోవాడు ఎనిమిది బైట్లనుకుని రాశాడు. మిగతా నాలుగు బైట్లు పక్కనున్న వేరే సమాచారం మీద పడతాయి. అక్కడ పాస్‌వర్డే ఉందో, ఇంకేముందో! హ్యాకర్లు కాచుక్కూర్చునే సందుల్లో ఇదొకటి.

ముప్ఫై ఏడు సెకన్లు

పొరపాటు ఎంతదాకా వెళ్తుందో చెప్పే కథ ఒకటుంది. 1996 జూన్ 4. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా. ఐరోపా దేశాలు ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన ఏరియన్-5 రాకెట్ తొలిసారి లేచింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు లోపల ఉన్నాయి. ఇంజిన్ రాజేసిన 37 సెకన్లకే దారి తప్పింది. కొద్ది క్షణాల్లో ముక్కలైంది.

విచారణలో తేలింది విని అందరూ ముక్కున వేలేసుకున్నారు. రాకెట్ ఎటు పోతోందో చెప్పే పరికరంలో ఒక ప్రోగ్రాము, పక్కవాటు వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల పాత్రలోంచి తీసి 16 బిట్ల పాత్రలో పోసింది. ఆ ప్రోగ్రాము పాత ఏరియన్-4 నుంచి తెచ్చుకున్నది. ఆ రాకెట్ వేగానికి 16 బిట్లు చాలేవి. కొత్త రాకెట్ ఎక్కువ వేగంగా పక్కకు కదిలింది. సంఖ్య 32,767 దాటింది. పాత్ర పొంగింది. పరికరం చేతులెత్తేసింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉండటంతో అదీ అలాగే ఆగిపోయింది. విషాదమేమిటంటే, ఆ లెక్క రాకెట్ లేచాక అసలు అవసరమే లేదు!

ఆ ప్రోగ్రాము రాసింది అడా భాషలో. భద్రతకు పేరున్న భాష. భాష మంచిదైనంత మాత్రాన చాలదు, పాత్ర మారే ప్రతిచోటా 'ఇందులో పడుతుందా?' అని అడగాలన్నది ఆ 37 సెకన్ల పాఠం.

చిన్నవీ ఉన్నాయి. 2014 డిసెంబరులో 'గంగ్నమ్ స్టైల్' పాటను చూసినవారి లెక్క 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటింది. మైనస్ ఉన్న 32 బిట్ల పాత్రలో పట్టే చివరి సంఖ్య అదే. గూగుల్ 64 బిట్లకు మారామంటూ సరదాగా ప్రకటించింది. 2015లో మాత్రం సరదా కాదు. బోయింగ్ 787 విమానాన్ని ఒక్కసారి కూడా కరెంటు ఆపకుండా 248 రోజులు ఉంచితే, జనరేటర్లను నియంత్రించే సాఫ్ట్‌వేర్లోని ఒక లెక్క పొంగి, కరెంటు మొత్తం పోయే ప్రమాదముందని అమెరికా విమానయాన సంస్థ హెచ్చరించింది. ఆలోగా ఒకసారి ఆపి మళ్లీ వేయమంది. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కపెడుతూ పోతే మైనస్ ఉన్న 32 బిట్ల పాత్ర నిండేది 248 రోజులకే!

తెలుగు అక్షరం... మైనస్ 32!

రాకెట్లూ విమానాలూ మనకు దూరం అనుకుంటున్నారా? అయితే ఇంటికొద్దాం.

కంప్యూటర్‌కు అక్షరమూ సంఖ్యే. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ కలిపినా 128 లోపే. ఒక బైట్‌లో హాయిగా ఇమిడిపోతాయి. అందుకే సి భాషలో అక్షరం దాచే 'చార్' అనే పాత్ర ఒక్క బైటే. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రపంచ భాషలన్నిటికీ సంఖ్యలిచ్చింది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించారు. 'అ' సంఖ్య 3077. మరి 255 దాటని బైట్‌లో 3077 ఎలా పడుతుంది? పట్టదు. అందుకే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తునూ మూడు బైట్లుగా విడగొడతారు.

'అద్దంకి'నే తీసుకోండి. పలికితే మూడే అక్షరాలు. అ, ద్దం, కి. యూనికోడ్ మాత్రం అ, ద, పొల్లు, ద, సున్నా, క, గుడి... అని ఏడుగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో 21 బైట్లు. 'ఈ పేరు పొడవెంత?' అని సి భాషనడిగితే 21 అంటుంది. జావా 7 అంటుంది. ఎందుకంటే జావాలో చార్ అంటే 16 బిట్లు. రస్ట్ అనే కొత్త భాషలో చార్ అంటే 32 బిట్లు. మూడు భాషల్లోనూ పేరు 'చార్'. మూడూ మూడు పాత్రలు!

ఇక మైనస్ సంగతి. తెలుగు అక్షరం ఏదైనా సరే, యూటీఎఫ్-8లో దాని మొదటి బైట్ 224. ఇంగ్లిషులో ఎన్నడూ 127 దాటని బైట్ ఇక్కడ దాటుతుంది. చార్‌లో మైనస్ ఉంటుందా, ఉండదా అన్నది సి భాష తేల్చలేదు. ఇంటెల్ చిప్పున్న కంప్యూటర్లలో సాధారణంగా ఉంటుంది. ఏఆర్ఎం చిప్పు మీద లినక్స్ నడిపితే ఉండదు. కాబట్టి అదే 224 ఒక యంత్రంలో 224, ఇంకో యంత్రంలో మైనస్ 32. జావాలో బైట్ అంటే ఎప్పుడూ మైనస్ ఉన్నదే. 'అ'ను బైట్లుగా విడదీసి చూపించమంటే జావా ఇచ్చే జవాబు: మైనస్ 32, మైనస్ 80, మైనస్ 123!

చూపించడం వరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ సంఖ్యతో పట్టికలో గడి వెతికే ప్రోగ్రాములుంటాయి. పట్టికలో మైనస్ 32వ గడి ఎక్కడుంటుంది? పట్టిక బయట, వేరెవరి స్థలంలోనో! ఇంగ్లిషుతో పదేళ్లు సలక్షణంగా పనిచేసిన ప్రోగ్రాము తెలుగు పేరు కొట్టగానే కుప్పకూలడానికి ఒక కారణం ఇదే. తప్పు తెలుగుది కాదు, పాత్ర చూసుకోనివాడిది.

ఎస్సెమ్మెస్‌లోనూ ఈ లెక్కే. ఒక సందేశంలో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషుకు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు వస్తాయి. తెలుగుకు 16 బిట్లు కావాలి కాబట్టి 70 గుర్తులే. ఖాళీ లేకుండా 'అద్దంకి' అని పదిసార్లు రాస్తే సరి... సందేశం నిండిపోయినట్లే!

రెండు గళ్లు, 32 గళ్లు

మన ఇళ్లలో చాలామందికి అమెరికా దారి చూపించింది కూడా ఇలాంటి పాత్రే. 1990ల చివర అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకున్న వేలమంది తెలుగు కుర్రాళ్లు 'వైటూకే' పని మీద విమానమెక్కారు. పాత ప్రోగ్రాములు సంవత్సరానికి రెండే గళ్లు పెట్టుకున్నాయి. 99 తర్వాత 00 వస్తే అది 2000 అనుకోవాలా, 1900 అనుకోవాలా? పాత్ర చిన్నదైనందుకు ప్రపంచం కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. మన పల్లెల్లో కొన్ని డాబాలు లేచాయి.

ఇప్పుడు దాని తమ్ముడు వస్తున్నాడు. యూనిక్స్ తరహా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. పాతవాటిలో ఆ లెక్కకు పెట్టింది మైనస్ ఉన్న 32 బిట్ల పాత్ర. అది మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసటి సెకనుకు సంఖ్య మైనస్‌లోకి పడి, గడియారం 1901 డిసెంబరు చూపిస్తుంది.

మీ ఫోనూ, కొత్త కంప్యూటరూ చాలావరకు 64 బిట్లకు మారిపోయాయి. 32 బిట్ల యంత్రాల కోసం లినక్స్ కెర్నెల్‌లో కావలసిన మార్పులు 2020లో వచ్చిన 5.6తో ఒక కొలిక్కి వచ్చాయి. దిగులల్లా గోడలకు బిగించి మరచిపోయిన చిన్న పరికరాల గురించే. పైగా కెర్నెల్ మారినంత మాత్రాన సరిపోదు. దానిమీద నడిచే ప్రోగ్రాము, అది రాసుకునే ఫైలు, అవతల చదివే ఇంకో భాషలోని ప్రోగ్రాము... అన్నీ 64 బిట్ల పాత్రనే పట్టుకోవాలి. వరసలో ఒక్కడు పాత కుంచం పట్టుకున్నా చాలు, మళ్లీ ఒలుకుతుంది.

'నయా పైసా' చూపిన దారి

మరి పరిష్కారం? మన పెద్దలు ఒకసారి చేసి చూపించారు. 1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద పైసలు. రెండు నాణేలూ కొంతకాలం కలిసి చలామణీ కావాలి. 'పైసా' అంటే ఏ పైసా? అందుకే పేరులోనే తేడా చూపించి 'నయా పైసా' అన్నారు. జనానికి అలవాటయ్యాక 1964లో 'నయా' తీసేశారు. తూనికలు, కొలతలకు 1956లో చట్టం చేసి, 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు తెచ్చారు. 'ఎవరి కుంచం?' అన్న ప్రశ్నకు తావు లేకుండా పోయింది.

ప్రోగ్రాముల్లోనూ అదే చేశారు. 1999 నాటి సి ప్రమాణంలో కొలతను పేరులోనే కలిపిన పాత్రలొచ్చాయి. 'ఇంట్32', 'ఇంట్64' తరహాలో. వాటిని వాడితే ఏ యంత్రంలోనైనా అన్నే బిట్లు. రస్ట్ భాషైతే 'ఐ32', 'యూ8' లాంటి పేర్లు పెట్టుకుంది. అక్షరం మైనస్ ఉందో లేదో చెబుతుంది, అంకె ఎన్ని బిట్లో చెబుతుంది. ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి పోయాలంటే ప్రోగ్రాము రాసేవాడు ఆ సంగతి స్పష్టంగా రాయాల్సిందే. దొంగచాటుగా జరగదు.

2022 డిసెంబరులో విడుదలైన లినక్స్ కెర్నెల్ 6.1లో రస్ట్‌కు తొలిసారి చోటిచ్చారు. మూడు దశాబ్దాల సి ఇంట్లోకి కొత్త కోడలొచ్చినట్లు! వచ్చీ రాగానే తేల్చుకోవాల్సినవాటిలో కొలతలొకటి. నీ 'చార్' నా దగ్గర ఏది? నీ 'లాంగ్' నా దగ్గర ఏది? ఆ తర్వాత వచ్చిన 6.2లో కెర్నెల్ వారు తమ సి కోడ్‌లో చార్‌కు ఎక్కడా మైనస్ ఉండదని, అన్ని చిప్పుల్లోనూ ఒకటేనని తీర్మానించారు. తర్వాత రస్ట్ వైపు కూడా ఆ మేరకు జాబితా సరిచేశారు. కెర్నెల్ వరకు మన 224 ఇక 224గానే ఉంటుందన్నమాట.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే...

* ఫైల్లో రాసినా, నెట్‌వర్క్‌లో పంపినా, ఇంకో భాషకు అప్పగించినా... 'ఇంట్', 'లాంగ్' అనే మొండి పేర్లు వద్దు. బిట్ల లెక్క పేరులోనే ఉన్నవి వాడాలి.

* పాత సి లైబ్రరీని వేరే భాష నుంచి పిలవాలంటే, ఆ భాష సి కోసమే ఇచ్చిన పేర్లు వాడాలి. జావాలో 'జేఇంట్', రస్ట్‌లో 'సి_ఇంట్' అందుకే ఉన్నాయి.

* పెద్ద పాత్రలోంచి చిన్నదాంట్లోకి పోసే ప్రతిచోటా 'పడుతుందా?' అని పరీక్ష పెట్టాలి. పట్టకపోతే ఏం చేయాలో కూడా రాయాలి.

* కంపైలర్ ఇచ్చే హెచ్చరికలను నోరు మూయించొద్దు. అది ఊరికే అరవదు.

* తయారైన ప్రోగ్రామును తెలుగు పేరుతో ఒకసారి నడిపి చూడాలి. 'అద్దంకి' చాలు, సగం తప్పులు బయటపడతాయి!

ఆ ఒక్క ప్రశ్న

పండరంగడి ఎనభై పుట్లు ఇవాళ్టి ఎకరాల్లో ఎంతని తేల్చాలంటే ఆనాటి పుట్టి ఎంతో తెలియాలి. శాసనంలో సంఖ్య స్పష్టంగా ఉంది. రాయి చెక్కు చెదరకపోయినా, సంఖ్య చెరిగిపోకపోయినా, కొలపాత్ర సంగతి చెప్పేవాళ్లు లేకపోతే లెక్క మసకబారిపోతుంది. పన్నెండు వందల ఏళ్ల నాటి రాతిలో జరిగిందే, పన్నెండేళ్లు కూడా నిండని ప్రోగ్రాముల్లోనూ జరుగుతోంది. రాసినవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతాడు. 'ఇంట్' అన్న మాట మాత్రం అక్కడే ఉంటుంది. ఎంత ఇంటో ఎవరికీ గుర్తుండదు.

రాకెట్‌కైనా, ఎస్సెమ్మెస్‌కైనా, బ్యాంకు ఖాతాకైనా కావాల్సింది పెద్ద విద్యేం కాదు. సంఖ్య చేతులు మారే చోట నిలబడి ఒక్క ప్రశ్న అడగడం. బడి మొహం చూడని మా నాయనమ్మ కల్లం గట్టు మీద నిలబడి అడిగినట్లు...

ఎవరి కుంచంతో కొలిచార్రా అబ్బాయ్?